ఇది చేసింది నేనేనా? మన ప్రతిభకు మనమే మురిసిపోవడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ధనుర్మాసంలో మా అమ్మమ్మ తెల్లవారకముందే లేచి కళ్లాపి చల్లి, 15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క పెట్టి మెలికల ముగ్గు వేసేది. ఒకే గీత చుక్కలన్నిటినీ చుట్టుకుంటూ పోయి మొదలైన చోటికే తిరిగి రావాలి. చివరి మెలిక కలిశాక చేతులకంటిన పిండి దులుపుకుని అరుగెక్కేది. నడుము మీద చెయ్యి వేసుకుని ఒక్క నిమిషం ముగ్గు వైపే చూస్తూ నిలబడేది. ఆ నిమిషంలో ఆవిడ ముఖం వెలిగిపోయేది. ఈలోగా ఎదురింటావిడ బయటికొచ్చి "ఎంత బాగుందో పిన్నిగారూ!" అంటే, "ఏముందమ్మా, ఏదో చేతికొచ్చిన గీతలు గీశాను" అనేసి లోపలికి వెళ్లిపోయేది.

ఆ ఒక్క నిమిషం గురించీ, ఆ తర్వాత వచ్చిన "ఏముందమ్మా" గురించీ నన్ను చాలామంది రకరకాలుగా అడిగారు. అవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అసలు మనిషి తన ప్రతిభను చూసి తానే అబ్బురపడగలడా?

పడగలడు. అది జబ్బూ కాదు, వింతా కాదు.

రష్యన్ కవి పుష్కిన్ 1825లో 'బోరిస్ గొదునోవ్' నాటకం రాయడం పూర్తి చేశాడు. అప్పుడాయన రాజధానికి దూరంగా, ప్రవాసశిక్షలో ఒక పల్లెలో ఉన్నాడు. మెచ్చుకోవడానికి పక్కన మనుషులు లేరు. నాటకాన్ని తానొక్కడే పైకి చదువుకుని, చప్పట్లు కొట్టి, తన పేరు తానే పెట్టి పిలుచుకుని శభాష్ అనుకున్నానని స్నేహితుడు వ్యాజెమ్‌స్కీకి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరంలో సిగ్గుపడిన జాడ లేదు.

అంత పెద్ద కవే కానక్కర్లేదు. ఇరుకు సందులో ఒక్క ప్రయత్నంలోనే కారు రివర్స్ చేసి పెట్టి, దిగాక రెండు వైపులా మిగిలిన జానెడు జాగా చూసుకున్నవాళ్లకీ ఇది తెలుసు. నలభై మందికి పులిహోర కలిపి, ఉప్పు కొలవకుండా వేసి, సరిగ్గా కుదిరిందని తొలిముద్దలోనే తెలిసినవాళ్లకీ తెలుసు.

మనం ఏం చేయబోతున్నామో మనకు ముందే తెలుసు కదా. ఇంక ఆశ్చర్యం ఎక్కడిది?

ఇది మంచి ప్రశ్న. దీనికి చక్కిలిగింతలతో జవాబు చెప్పొచ్చు. ఎవరైనా అరికాలు గీరితే మెలికలు తిరిగిపోతాం. అదే పని మన వేలితో మనం చేసుకుంటే ఏమీ అనిపించదు. శారా జేన్ బ్లేక్‌మోర్, ఆమె సహచరులు 1998లో మెదడు స్కానింగ్‌తో దీన్ని పరిశీలించారు. చెయ్యి కదిలించగానే ఎలాంటి స్పర్శ రాబోతోందో మెదడు ముందే అంచనా వేసుకుంటుంది, అంచనాకు సరిపోయిన స్పర్శను తగ్గించి చూపిస్తుంది. అందులో చిన్నమెదడు పాత్ర పెద్దది.

మన నైపుణ్యం సంగతీ చాలావరకు ఇంతే. రోజూ చేసే పని అంచనా ప్రకారమే జరిగిపోతుంది కాబట్టి మనసు దాన్ని పట్టించుకోదు. కానీ మన చెయ్యీ, బుర్రా చేసే ప్రతి పనీ మన అంచనాలో ఉండదు. పాట పాడుతుంటే ఎన్నడూ సాధన చేయని సంగతి ఒకటి గొంతులోంచి జారుతుంది. మూడు రోజులుగా తెగని లెక్క స్నానం చేస్తుండగా తెగుతుంది. వాదనలో ఉన్నట్టుండి సరైన మాట నోటికొస్తుంది. ఎక్కడినుంచి వచ్చిందో మనకే తెలియదు. అలా అంచనా దాటి వచ్చినప్పుడే మనకు మనం కొత్తగా కనిపిస్తాం.

మరి పని చేస్తున్నప్పుడు అలా ఎందుకు అనిపించదు?

తీరిక ఉండదు. అష్టావధానం చూడండి. ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య అంటూ ఒక పాదం ఇచ్చి పద్యం పూర్తి చేయమంటారు, ఒకరు దత్తపది అంటూ కొన్ని మాటలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు, నిషిద్ధాక్షరి అడిగేవారు ఒక్కో అక్షరానికీ అడ్డు తగులుతుంటారు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవారు ఏదో ఒక ప్రశ్న వేసి ఏకాగ్రత చెడగొట్టాలని చూస్తారు. గంటలు మోగితే అవీ లెక్కపెట్టుకోవాలి. సభలో కూర్చున్నవాళ్లకు అదంతా అద్భుతం. అవధాని మనసులో మాత్రం తర్వాతి అక్షరం ఏమిటన్న ఆలోచనే ఉంటుంది. తనను తాను చూసుకుని మురిసిపోయే సందు అక్కడ లేదు. అలా చూసుకున్న క్షణంలో పద్యం జారిపోతుంది. చివర ధారణలో పద్యాలన్నీ వరసగా అప్పజెప్పి ఊపిరి పీల్చుకున్నాకే ఆ తీరిక.

టైలర్ కత్తెర వేస్తున్నప్పుడూ, సర్జన్ కుట్టు వేస్తున్నప్పుడూ ఇదే. చూపు పని మీద ఉండాలి. మురిపెం అయిపోయాక రావాలి. మా అమ్మమ్మ కూడా అరుగెక్కిన తర్వాతే చూసుకునేది.

చాలా ఏళ్ల కిందటి పని ఇప్పుడు చూస్తే "ఇది నేనా చేసింది!" అనిపిస్తుంది. ఎందుకని?

మధ్యలో మీరు వేరే మనిషయ్యారు కాబట్టి.

ఆ మధ్య ఆఫీసులో ఒక పాత ఎక్సెల్ షీట్ తెరవాల్సి వచ్చింది. మూడు బ్రాంచీల స్టాకు లెక్కలు అందులో ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఒకచోట తేడా వస్తే ఏ రోజు, ఏ బిల్లులో వచ్చిందో ఎర్రరంగులో చూపించే ఫార్ములా ఉంది. పావుగంట దాన్ని విప్పుకుంటూ కూర్చున్నాను. ఎవరు రాశారో గానీ ఓపిక ఉన్న మనిషి, ముందుచూపు ఉన్న మనిషి అనుకున్నాను. తీరా చూస్తే ఫైలు తయారుచేసినవారి పేరు దగ్గర నా పేరుంది. ఆరేళ్ల కిందటిది. దాన్ని రాసినప్పుడు పడ్డ తిప్పలు, నిద్రచాలని రాత్రులు, బెడిసికొట్టిన పది ప్రయత్నాలు ఏవీ నాకిప్పుడు గుర్తులేవు. పని ఒక్కటే ఎదురుగా ఉంది. ఇన్నేళ్లలో మొదటిసారి దాన్ని పరాయివాళ్లు చూసినట్టు చూశాను.

దూరపు కొండలు నునుపు అంటారు. ఆ సామెతను మోసపోవడం గురించే వాడతాం గానీ, దగ్గరగా ఉన్నప్పుడు కొండ ఆకారం కనిపించదన్నది కూడా నిజమే కదా. రాళ్లే కనిపిస్తాయి.

పోతన గురించి మనందరికీ తెలిసిన కథ ఒకటుంది. 'అల వైకుంఠపురంబులో' పద్యం మధ్యలో ఆగిపోతే ఆయన లేచి బయటికి వెళ్లాడట. తిరిగొచ్చేసరికి పద్యం పూర్తయి ఉంది. ఎవరు రాశారని కూతుర్ని అడిగితే "నువ్వే కదా నాన్నా, ఇందాక వచ్చి రాసి వెళ్లావు" అందట. రాముడే పోతన రూపంలో వచ్చి రాశాడని కథ. భక్తితో చదివేవాళ్లు భక్తితో చదువుతారు, నేనూ అలాగే చదువుతాను. దానితోపాటు నాకు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. తన దస్తూరీలోనే ఉన్న పద్యాన్ని చూసి "ఇది నేను రాయగలిగింది కాదే" అనుకునే కవి అనుభవం ఎంత పాతదో ఈ కథ చెబుతుంది.

ఇది గర్వం కాదా?

మాట దగ్గరే చిక్కుంది. "నా కూతుర్ని చూస్తే గర్వంగా ఉంది" అంటే మెచ్చుకుంటాం. "వాడికి గర్వం తలకెక్కింది" అంటే ఛీ అంటాం. రెంటికీ మాట ఒకటే.

మనస్తత్వ శాస్త్రంలో జెస్సికా ట్రేసీ, రిచర్డ్ రాబిన్స్ 2007 నాటి పరిశోధనలో ఈ రెంటినీ విడదీసి చూపించారు. మొదటిది చేసిన పని మీద, పడ్డ శ్రమ మీద ఆనుకుని ఉంటుంది: కష్టపడ్డాను, సాధించాను. రెండోది మనిషి మీద ఆనుకుంటుంది: నేను గొప్పవాణ్ణి కాబట్టే వచ్చింది. మొదటిది ఉన్నవాళ్లు తోటివాళ్లతో బాగానే కలిసిపోతారు. రెండోది ఎదుటివాణ్ణి తక్కువ చేయకుండా నిలబడలేదు.

నా మటుకు నేను ఒక చిన్న పరీక్ష పెట్టుకుంటాను. అదే పని ఇంకొకరు చేసి ఉంటే నాకు ఇంతే సంతోషం కలిగేదా? కలిగేదైతే అది పని మీద ప్రేమ. ఆ షీట్ విషయంలో ఆ పరీక్ష దానంతటదే జరిగిపోయింది. నాదని తెలియకముందే మెచ్చుకున్నాను.

ఇంకో సంగతి. గెలిచినప్పుడు ఛాతీ విరుచుకోవడం, తల పైకెత్తడం, చేతులు పైకి లేపడం ఒకరిని చూసి ఇంకొకరు నేర్చుకున్నవి కావేమో. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్, పారాలింపిక్స్‌లో జూడో ఆటగాళ్ల ఫొటోలను ట్రేసీ, డేవిడ్ మత్సుమోటో పరిశీలించి 2008లో ప్రచురించారు. పుట్టుకతో చూపు లేనివాళ్లు కూడా గెలిచినప్పుడు సరిగ్గా అలాగే చేశారు. జీవితంలో ఎన్నడూ ఎవరి విజయాన్నీ కంటితో చూడనివాళ్లు! ఇంత లోతుగా పాతుకున్నదాన్ని చెడ్డబుద్ధి అని కొట్టిపారేయడం నాకు సబబుగా తోచదు.

ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానం అని పెద్దలు అన్నారు కదా?

అన్నారు. ఎక్కడ, ఎందుకు అన్నారో చూద్దాం.

మహాభారతంలో కర్ణపర్వం. కర్ణుడి చేతిలో దెబ్బతిన్న ధర్మరాజు, కోపంలో అర్జునుణ్ణి తిట్టి, గాండీవం వేరేవాళ్లకిచ్చెయ్యమంటాడు. ఆ మాట అన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి వ్రతం ఉంది. కత్తి దూశాడు. కృష్ణుడు అడ్డుపడి, పెద్దవాణ్ణి అవమానిస్తే చంపినట్టే, నాలుగు మాటలనేసి వ్రతం చెల్లించుకో అన్నాడు. అర్జునుడు అన్నాడు. అన్నాక అన్నగారిని అంత మాటన్నందుకు కుమిలిపోయి, ఈసారి తనను తానే చంపుకోబోయాడు. అప్పుడు కృష్ణుడు మళ్లీ ఆపి, నిన్ను నువ్వు పొగుడుకో, అది చచ్చిపోవడంతో సమానం అన్నాడు. అర్జునుడు తన విలువిద్య గురించి తానే చెప్పుకున్నాడు.

ఈ ఘట్టం ఎప్పుడు తలచుకున్నా నాకు రెండు విషయాలు తడతాయి. మొదటిది, ఆ మాట పుట్టింది రెండు ప్రాణాలు నిలబెట్టడానికి. రెండోది, అక్కడ తప్పుగా చెప్పింది నలుగురిలో స్తుతించుకోవడాన్ని. గాండీవం ఎక్కుపెట్టినప్పుడు అర్జునుడి మనసు పొంగడాన్ని కృష్ణుడు ఎక్కడా తప్పుపట్టలేదు. మనం కాలక్రమంలో ఆ రెంటినీ కలిపేసి, పైకి అనకూడనిది లోపల అనుకోనూ కూడదని పిల్లలకు నేర్పాం.

మరి పైకి చెప్పుకోవడం ఎప్పుడూ తప్పేనా?

తిరుపతి వేంకట కవులు మీసాలు పెంచారు. పండితులకు మీసాలేమిటని ఆక్షేపణ వచ్చింది. సంస్కృతంలోనూ తెలుగులోనూ మేమే కవీంద్రులమని తెలపడానికే పెంచామని, తమను గెలిచిన కవి ఎవరైనా ఉంటే మీసాలు తీసేసి మొక్కుతామని పద్యంలోనే జవాబు చెప్పారు. తెలుగునాట ఆ మీసాలను ఇప్పటికీ ఇష్టంగా తలచుకుంటాం.

ఎందుకు ఇష్టపడతాం? ఆ మాట వెనక పందెం ఉంది. ఊరూరా సభల్లో, అవధానాల్లో, అందరి ఎదుటా పరీక్షకు నిలబడ్డారు. ఓడితే ఏం చేస్తామో కూడా ముందే చెప్పారు. పరీక్షకు సిద్ధపడ్డ గొప్పను జనం భరిస్తారు, అభిమానిస్తారు కూడా. సొంత డబ్బా అంటే పరీక్ష లేకుండా మోగేది.

దిష్టి తగలదా?

మనవాళ్లలో ఈ భయం నిజంగానే ఉంది. తల్లి దిష్టే ముందు తగులుతుందంటూ బిడ్డ ముద్దుగా ఉన్నాడని నోటితో అనని అమ్మలు ఎందరో. దిష్టిచుక్క పెట్టండి, ఎర్రనీళ్లు తిప్పి పోయండి, మీ నమ్మకం మీది. ఆ తర్వాత మాత్రం కళ్లారా చూసుకోండి.

పనిరానివాళ్లే తమను చూసుకుని ఎక్కువ మురిసిపోతారు కదా?

ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందన్న సామెతకు 1999లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లెక్కలు కట్టారు. డేవిడ్ డన్నింగ్, జస్టిన్ క్రూగర్ విద్యార్థులకు తర్కం, వ్యాకరణం, హాస్యం మీద పరీక్షలు పెట్టి, మీరు ఎంతమంది కన్నా మెరుగ్గా చేశారనుకుంటున్నారని అడిగారు. అట్టడుగు పావు వంతులో ఉన్నవాళ్లు నిజానికి సగటున నూటికి 12 మందిని మాత్రమే దాటారు. దాదాపు 62 మందిని దాటామనుకున్నారు. పని చేయడానికి ఏ తెలివి కావాలో, పని బాగా రాలేదని తెలుసుకోవడానికీ ఆ తెలివే కావాలి. చిక్కంతా అక్కడే.

ఆ లెక్కల్లో గణితపరంగా వచ్చే వంకర కూడా కొంత ఉందని తర్వాత కొందరు వాదించారు. కాకి పిల్ల కాకికి ముద్దన్న మాటను మాత్రం ఎవరూ కాదనలేరు. అందుకే మురిపెం ఒక్కటే కొలతగా పెట్టుకోకూడదు. ముగ్గుకు ఆ ఇబ్బంది లేదు. గీత మొదలైన చోటికి వచ్చి కలిసిందా లేదా అన్నది వేసిన మనిషి ఇష్టాయిష్టాల మీద ఆధారపడదు. మీ పనిలోనూ అలాంటి గీత ఒకటి ఉంటుంది. బట్ట ఒంటికి సరిపోయిందా, ప్రోగ్రాం నడిచిందా, కచేరీలో శ్రుతి నిలిచిందా. అది కలిశాక ఎంతసేపైనా చూసుకోవచ్చు.

అదే పరిశోధనలో అందరికన్నా పైనున్నవాళ్లు తమను కాస్త తక్కువ అంచనా వేసుకున్నారు. తమకు తేలికైనది అందరికీ తేలికే అనుకున్నారు. ఇది తర్వాతి ప్రశ్నకు దారి తీస్తుంది.

నాకెప్పుడూ అలా అనిపించదు. నాకొచ్చినవన్నీ మామూలు విషయాల్లాగే ఉంటాయి. నాలో లోపమా?

లోపం కాదు. వచ్చేసిన విద్య ఇలాగే కనబడకుండా పోతుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, మన చేతిలో విద్య మన పెరటి చెట్టు.

1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ ఒక ప్రయోగం చేసింది. కొందరు అందరికీ తెలిసిన పాటల లయను బల్ల మీద వేళ్లతో తట్టాలి, విన్నవాళ్లు ఏ పాటో చెప్పాలి. తట్టినవాళ్లు సగం పాటలైనా కనిపెడతారనుకున్నారు. 120 పాటల్లో విన్నవాళ్లు కనిపెట్టింది మూడే. తట్టేవాడి తలలో పాటంతా మోగుతోంది కాబట్టి ఇదేం కష్టం అనిపిస్తుంది. ఎదుటివాడికి వినిపించేది ఉత్త టకటకే.

మీకు మూడు భాషలు వచ్చి ఉండొచ్చు. పెళ్లికి వచ్చిన మూడొందల మందిలో ఎవరు ఎవరికి ఏమవుతారో గడగడా చెప్పగలిగి ఉండొచ్చు. మిరపతోట వైపు చూడగానే ఏ మడికి నీళ్లు తక్కువయ్యాయో తెలిసి ఉండొచ్చు. పాట మీ తలలో మోగుతోంది, అందుకే తేలికగా ఉంది. ఇది పరీక్షించాలంటే ఆ పని రానివాళ్లకు ఒకసారి నేర్పి చూడండి. మీరు ఆలోచించకుండా దాటేసే ప్రతి మెట్టు దగ్గరా వాళ్లు ఆగిపోతారు. అప్పుడు మెట్లు ఎన్నున్నాయో మీకు తెలుస్తుంది.

అందరూ మెచ్చుకుంటున్నా, ఏదో ఒకరోజు నా బండారం బయటపడుతుందని టెన్షన్‌గా ఉంటుంది.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ 1978లో దీని గురించి రాశారు. పెద్ద చదువులు చదివి, మంచి స్థానాల్లో ఉన్న 150 మందికి పైగా ఆడవాళ్లతో మాట్లాడి, వాళ్లలో చాలామంది తమ విజయాన్ని అదృష్టానికో, పొరపాటుకో ముడిపెట్టడం గమనించారు. మగవాళ్లలోనూ ఇది ఉందని తర్వాత తేలింది.

మన దగ్గర ఆడపిల్లలకు దీన్ని ప్రత్యేకంగా పెంచిపోషిస్తామని నా బాధ. ఫస్ట్ ర్యాంకు వస్తే "ఏదో దేవుడి దయ" అనాలి. ప్రమోషన్ వస్తే "మా సార్ మంచివాళ్లు" అనాలి. వంట బాగుంటే "ఉల్లిపాయలు మంచివి దొరికాయి" అనాలి. ఇరవై ఏళ్లు ఇలా అన్నాక అదే నిజమని నమ్మేస్తాం. మా అమ్మమ్మ "చేతికొచ్చిన గీతలు" అన్నప్పుడు ఎదురింటావిడ నమ్మలేదు. కానీ పదేళ్ల వయసులో పక్కనే నిలబడి వింటున్న నేను మాత్రం నమ్మాను. చాలా ఏళ్లు ముగ్గంటే ఏముందిలే అనుకున్నాను. ఆ 15 చుక్కల ముగ్గు కాగితం మీద వేయబోయి, మూడుసార్లు గీత విడిపోయాక గానీ నాకు సంగతి తెలియలేదు. అప్పటికి ఆవిడ లేదు.

ఈ భయం నిద్ర చెడగొట్టేదాకా వస్తే మాత్రం కౌన్సెలర్‌తో మాట్లాడండి.

పిల్లలు "చూడు, చూడు" అని చేసిన ప్రతిదీ చూపిస్తుంటే ఏమనాలి?

చూడండి, ముందు నిజంగా చూడండి. "అబ్బ, ఎంత తెలివిగల బంగారమో" అనడం కన్నా "ఈ గోడ పడకుండా ఎలా నిలబెట్టావు?" అని అడగడం మేలు. క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ 1998లో అయిదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో, తెలివైనవాళ్లని మెప్పు పొందిన పిల్లలు కష్టమైన పజిళ్లు ఎదురయ్యాక డీలా పడ్డారు. బాగా కష్టపడ్డారని మెప్పు పొందినవాళ్లు పట్టు వదల్లేదు. మీరు ప్రశ్న అడిగితే పిల్ల తన పనిని తానే ఇంకోసారి చూసుకుంటుంది.

ఆ సంతోషం ఎక్కువసేపు నిలవదేం?

నిలవదు. అలవాటైపోతుంది. మళ్లీ రావాలంటే కొంచెం కష్టమైనది ఎత్తుకోవాలి.

ఎవరైనా మెచ్చుకుంటే ఏం జవాబు చెప్పాలి? "థాంక్స్" అంటే పొగరనుకుంటారేమో.

"నచ్చిందా? నాకూ భలే నచ్చింది" అనొచ్చు. ఇందులో అబద్ధం లేదు, ఎదుటివాళ్లను తక్కువ చేయడమూ లేదు. మొదట్లో నోరు తిరగదు. "నాలుగు రోజులు పట్టింది" అని మీరు పడ్డ శ్రమను చెప్పినా సరిపోతుంది. వాళ్లకు ఆ పని గురించి అడగాలనిపిస్తుంది, మాట ముందుకు సాగుతుంది.

మొన్న సంక్రాంతికి మా అమ్మ వాకిట్లో అదే మెలికల ముగ్గు వేసింది. పూర్తయ్యాక మోకాళ్ల నొప్పులతోనే మెల్లగా డాబా ఎక్కింది. పైనుంచి ముగ్గంతా పట్టేలా ఫొటో తీసి, మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కింద రెండే మాటలు రాసింది: "నేనే వేశాను."